స్టేడియానికి పోయిన మా బండ

ఆ బండ మా అమ్మది. ఈ వాక్యంతో మొదలయ్యే అర్జీలు నేను మండలాఫీసులో పదకొండు ఇచ్చాను. పన్నెండోది వేరే రకం, దాని సంగతి చివర చెప్తాను. అన్నింటి నకళ్లూ నా దగ్గర ఉన్నాయి. ఆఫీసులో ఉన్నాయో లేవో తెలియదు. ఒక అధికారి నా నాలుగో అర్జీని మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టడం నేను కళ్లారా చూశాను. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయనకు నేను మొట్టమొదట చూపించింది ఆ బల్ల కాలే.

మాది నల్గొండ నుంచి నందికొండ పోయే దారిలో బస్సు ఆగే ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. నేను గొర్రెల వెంట పోకుండా పిండి గిర్ని పెట్టుకున్నాను. మా అమ్మ మాత్రం మందను వదలలేదు. మా బాపు పెళ్లయిన ఏడాది, రాళ్లు కొట్టేవాళ్లతో గుట్ట మీద చీల్పించి, ఎడ్లబండి మీద తెప్పించి పెరట్లో వేయించిన బండ అది. మనిషి నిలువు పొడవు, రెండు మూరల వెడల్పు. చీల్చేటప్పుడు ఉలితో కొట్టిన ఏడు గుంటలు ఒక అంచున వరసగా ఉండేవి. మేమందరం దాని మీదే స్నానాలు చేశాం. అమ్మ బట్టలు దాని మీదే ఉతికేది. ఎండాకాలంలో ఒకసారి గొంగళ్లు ఉతకాలంటే అంత పెద్ద బండ ఉండాల్సిందే. మా బాపు చనిపోయిన రోజు ఆయనకు నీళ్లు పోసింది కూడా దాని మీదే. ముప్పై ఏళ్లలో ఎంత నున్నగా అయిందంటే, సబ్బు పెడితే జారి కింద పడేది.

మా ఊరికి ఒక వాలీబాల్ జట్టు ఉండేది. కెప్టెన్ బస్టాండు ముందు సైకిళ్లు కిరాయికిచ్చే సాయిబు. ఊరందరికీ ఆయన భాయ్. ఒక దర్జీ, హోటల్‌లో చాయ్ చేసే మనిషి, నలుగురు రైతులు మిగతా జట్టు. నల్గొండలో గెలిచారు. అటు పాలమూరు దిక్కు కొల్లాపూర్ దాకా పోయి గెలిచారు. తెచ్చిన షీల్డులు పెట్టడానికి పంచాయతీ ఆఫీసు బీరువాలో కాగితాలు తీసి కింద పెట్టారు. ఆ కాగితాలకు తర్వాత చెదలు పట్టాయి. నల్గొండ మైదానంలో మైకులో మా ఊరి పేరు చదివినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. నేను జట్టుకు శత్రువునని తర్వాత కొందరు ప్రచారం చేశారు. వాళ్లెవరో నాకు గుర్తుంది. ఇక్కడ రాయను.

మండలాలు వచ్చిన కొత్తలో సర్పంచ్ తమ్ముడు జట్టుకు మేనేజర్ అయ్యాడు. ఆయన ఆడేవాడు కాదు, బంతుల సంచి మోసేవాడు. ఆయనే ఒకరోజు కబురు తెచ్చాడు. మన జట్టును నందికొండ వాళ్లు పిలుస్తున్నారట. అక్కడ డ్యామ్ కాలనీలో కరెంటు దీపాల కింద ఆడే మైదానం ఉందట. క్వార్టర్లిస్తారట, ప్రాజెక్టులో నౌకరీలిస్తారట. మన ఊళ్లో కూర్చునే మెట్లూ వేదికా ఉన్న స్టేడియం కట్టకపోతే జట్టు అటే పోతుందట.

బడి వరండాలో మీటింగు పెట్టారు. జట్టు మొత్తం ఒక మూలన కూర్చుంది. కెప్టెన్ మీటింగు అయ్యేదాకా నేల చూస్తూనే ఉన్నాడు. ఆ సంగతి నేను అప్పుడే గుర్తుపెట్టుకున్నాను.

మా వాడకు ట్యాంకు నుంచి పైపు వేయడానికి పంచాయతీకి అంతకుముందే డబ్బు వచ్చి ఉంది. మా వాడకు ఉన్నది ఒక్కటే బోరింగ్. కొట్టీ కొట్టీ భుజాలు పడిపోయాక ఉప్పు నీళ్లు వచ్చేవి. పైపు డబ్బును స్టేడియానికి మళ్లిద్దామని సర్పంచ్ అన్నాడు. అందరూ సరే అన్నారు. నేను లేచి నిలబడి మా వాడ నీళ్ల సంగతి అడిగాను. సర్పంచ్ నాకు మామ వరస. ఆయన నవ్వి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"నీళ్లు యాడికి పోతయిరా అల్లుడా, వచ్చేయేడు వస్తయి. జట్టు పోతే మల్ల రాదు."

చప్పట్లు కొట్టారు. మా వాడ వాళ్లూ కొట్టారు. నా అభ్యంతరాన్ని తీర్మానంలో రాయమని సెక్రటరీని అడిగాను. పేజీ అయిపోయింది అన్నాడు. అర పేజీ ఖాళీ ఉంది. నేను చూశాను.

ఆ డబ్బుతో బడి వెనక సర్కారు జాగాలో సిమెంటు వేదిక కట్టారు. ఆటగాళ్లకు దూపవుతుంది కాబట్టి ట్యాంకు నుంచి మైదానానికి పైపు వేశారు. దానికోసం తవ్విన కాలువ సరిగ్గా మా వాడ మొదట్లో అడ్డంగా పోయింది. మా అమ్మ ఆ కాలువ దాటి బోరింగ్‌కు పోయి, బిందె ఎత్తుకుని మళ్లీ కాలువ దాటి వచ్చేది. పైపు లోపలికి వేస్తున్నప్పుడు ఒడ్డున నిలబడి చూసింది.

వేదికా పైపూ అయ్యేసరికి డబ్బు అయిపోయింది. జనం కూర్చునే మెట్లు మిగిలాయి. అప్పుడు డప్పు చాటింపు వేయించారు. ఇంటికో బండ ఇవ్వాలి, వాటితో మైదానం చుట్టూ మట్టి కట్టల మీద మెట్లు వేస్తారు. మా దిక్కు రాయికి కరువు లేదు. వాకిట్లో, దొడ్లో, కొట్టం ముందర, ప్రతి ఇంటికీ రెండు మూడు బండలు ఉంటాయి. నేను కూడా ఇవ్వడానికే ఒప్పుకున్నాను. మా వాకిట్లో అంచు పగిలిన బండ ఒకటి ఉంది. దాన్ని లేపి గోడకు ఆనించి, సుద్దముక్కతో "ఇది" అని రాసి గిర్నికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి పగిలిన బండ గోడకు ఆనించినట్టే ఉంది. "ఇది" కూడా ఉంది. పెరట్లో స్నానాల బండ ఉన్న చోట బండ సైజున తడి మట్టి, దాంట్లో ఎర్రలు. అంతే.

అమ్మ మందను తోలుకుని వచ్చి, పెరట్లోకి పోయి, చాలాసేపు ఆ తడి దగ్గర గొంతుక్కూర్చుంది.

"ఎన్నొద్దులకు తెచ్చిస్తరు?" అంది.

పెళ్లిళ్లకు పక్కింటి గంగాళం, రోలు తీసుకుపోయి మళ్లీ తెచ్చిచ్చినట్టే బండను కూడా తెచ్చిస్తారని ఆమె అనుకుంది. ఇవ్వరని చెప్పాను.

"అడుగు," అంది.

ఆ ఒక్క మాటే. అప్పటి నుంచి నేను అడుగుతూనే ఉన్నాను. ఆమె మాత్రం బట్టలు పగిలిన బండ మీద ఉతికింది. దాని పదునుకు రెండు చీరలు చినిగాక, మూట నెత్తిన పెట్టుకుని వాగుకు పోవడం మొదలుపెట్టింది. వాగు మా ఊరికి మైలు దూరం, వానాకాలంలో తప్ప అందులో ఇసుక తవ్వి తోడుకునే చెలిమె నీళ్లే. అప్పటికి ఆమె మోకాళ్లు బాగుండేవి కావు.

మర్నాడే సర్పంచ్ దగ్గరికి పోయాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. మీ బండంత పొడుగుది ఊళ్లో ఇంకోటి లేదు కాబట్టి తీసుకున్నారని, దానికి మంచి జాగా ఇచ్చామని, ప్రారంభోత్సవం రోజు వచ్చి చూసుకొమ్మని చెప్పాడు.

ప్రారంభోత్సవం పెద్ద టోర్నమెంటుతో చేశారు. చుట్టుపక్కల నుంచి పది పన్నెండు జట్లు, వాళ్ల వెంట ట్రాక్టర్లలో జనం వచ్చారు. స్టేడియం కట్టినవాళ్లెవరూ ఊహించని సంగతి ఆ రోజు జరిగింది. నేను ఊహించాను గాని, నన్ను ఎవరూ అడగలేదు. మా ఊరివాళ్లు ప్రతి ఒక్కరూ ముందు తమ బండను వెతుక్కున్నారు. దొరికినాక ఇంటిల్లిపాదీ దాని మీదే కూర్చున్నారు. ఎవరి బండ ఏదో ఎవరికీ అనుమానం రాలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న బండలవి. ఒకావిడ ఇంటి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి తన బండ కడుక్కుంది. పెళ్లికి ఊరెళ్లిన ఒక కుటుంబం, పరాయివాళ్లు కూర్చోకుండా తమ బండ మీద సర్కారు తుమ్మ కంప పెట్టి పోయింది. బయటి ఊళ్లవాళ్లు ఎండలో నిలబడ్డారు. కొల్లాపూర్ జట్టుతో వచ్చిన ఒక పెద్దమనిషి ఖాళీగా కనబడిన చోట కూర్చున్నాడు.

"లే బిడ్డా, గది మాది," అంది ఒక ముసలమ్మ, మర్యాదగానే. "మావోడు వస్తుండు."

ఆయన లేచి పక్క బండ మీద కూర్చున్నాడు. ఆ బండ వాళ్లూ లేపారు. అట్లా వరస చివరిదాకా జరుగుతూ పోయి, ఆఖరికి తువ్వాల పరుచుకుని నేల మీద కూర్చున్నాడు.

నేను మా బండ కోసం నాలుగు దిక్కులా వెతికాను. ఏ మెట్లలోనూ లేదు. వేదిక దగ్గరికి పోయి చూస్తే, వేదిక ఎక్కే మెట్టుగా వేసి, చుట్టూ సిమెంటు చేసి ఉంది. ఉలి గుంటల అంచు బయటికే ఉంది. దాని మీద ముఖ్య అతిథి చెప్పులు విడిచి ఉన్నాయి. నల్లవి, కొత్తవి. బండ మనదే కదా అని నేను చెప్పుల పక్కన కూర్చున్నాను. కానిస్టేబుల్ వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. ఆ రోజు మా ఊరి మనుషుల్లో కూర్చోవడానికి బండ లేనివాణ్ని నేనొక్కణ్నే. ఆటంతా నిలబడి చూశాను. మనవాళ్లే గెలిచారు.

మరుసటి ఏడు నాలుగు జట్లే వచ్చాయి. ఆ పైఏడు ఒక్కటీ రాలేదు. మీ ఊళ్లో ఆడొచ్చు గాని కూర్చోనివ్వరట కదా అని నల్గొండలో చాయ్ హోటల్ దగ్గర అంటుంటే నేను విన్నాను. స్టేడియం ఉంది, జట్టు ఉంది, ఎదుట ఆడేవాళ్లు లేరు.

అప్పుడు నేను నందికొండ పోయాను. వేరే పని ఏమీ లేదు, దీనికోసమే పోయాను. డ్యామ్ కాలనీ మైదానంలో ఇరిగేషన్‌లో పనిచేసే ఒకాయన సున్నంతో గీతలు వేస్తున్నాడు. నేను మా ఊరి పేరు చెప్పి, మా జట్టును మీరు పిలిచిన సంగతి నిజమేనా అని అడిగాను. ఆయన సున్నం డబ్బా కింద పెట్టాడు.

"మాకే రెండు జట్లున్నయి, ఆడేటందుకు జాగ సాల్తలేదు. మిమ్ముల ఎవలు పిలిచిన్రు?"

తర్వాత గుర్తొచ్చి ఆయనే అన్నాడు. నల్గొండలో ఒక ఫైనల్ అయినాక అందరం కలిసి చాయ్ తాగాం, పోయేటప్పుడు మా దిక్కు కూడా రాండ్రి అని మీ కెప్టెన్‌తో అన్నాను, ఎదురైన మనిషిని అట్లా అనకుండా ఎట్లా పోతాం, అని నన్నే అడిగాడు. నిజమే. మా దిక్కు ఎవరైనా ఎవరితోనైనా అనే మాటే అది. బస్సులో పక్కన కూర్చున్నవాడు దిగిపోతూ కూడా ఒకసారి మా ఇంటికి రాండ్రి అంటాడు. ఆయన ఇల్లెక్కడో చెప్పడు, మనమూ అడగం.

మా వాడకు రావలసిన పైపు ఆ మాట మీద పోయింది. మా అమ్మ బండ ఆ మాట మీద పోయింది.

తిరిగి వచ్చి నేరుగా సైకిల్ దుకాణానికి పోయాను. భాయ్ ట్యూబును తొట్టి నీళ్లలో ముంచి పంక్చర్ వెతుకుతున్నాడు. నేను చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"నాకు ఎరికేనే అన్నా. మర్యాదకు అన్నడు. నేను నవ్వుకుంట మేనేజర్‌కు చెప్పిన. ఆయన పోయి సర్పంచ్‌కు చెప్పిండు."

"మరి మీటింగుల ఎందుకు నోరు తెరువలే?"

ట్యూబు నుంచి బుడగలు వచ్చాయి. ఆయన అక్కడ వేలు పెట్టి పట్టుకున్నాడు.

"స్టేడియం కడ్తమంటున్నరు గదన్నా," అన్నాడు. "వద్దని ఎట్లనాలె?"

ఆ జవాబు మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఆయన స్థానంలో నేనుంటే ఏమనేవాణ్నో ఆలోచించమని నా భార్య అంటుంది. నేను ఆలోచించలేదు.

రెండేళ్లు తిరగకుండా జట్టు నిజంగానే పోయింది. నందికొండకు కాదు, నల్గొండకు. ఊళ్లో సొంత సైకిళ్లు ఎక్కువై కిరాయిలు తగ్గాయి. భాయ్ దుకాణం ఎత్తుకుని నల్గొండ బస్టాండు దిక్కు పోయాడు. దర్జీ, చాయ్ చేసే మనిషి ఆయన వెనకే పోయారు. రైతులు నలుగురూ ఆట ఉన్నప్పుడు బస్సెక్కి పోయి అక్కడే ఆడారు. షీల్డులు గెలుస్తూనే ఉన్నారు. కాకపోతే మైకులో మా ఊరి పేరు రావడం ఆగిపోయింది. స్టేడియం కట్టిస్తే కూడా పోయారని సర్పంచ్ చాలా బాధపడ్డాడు. జట్టు పోతే మళ్లీ రాదని మీరే అన్నారు కదా మామా అని నేను గుర్తుచేశాను. ఆయన ఆ తర్వాత మా గిర్నికి రాలేదు. జొన్నలు పక్క ఊరికి పంపించి పిండి పట్టించుకున్నాడు.

ఒకనాడు ఎవరో బండి కట్టి పోయి తమ బండ ఇంటికి తెచ్చుకున్నారు. అది చూసి మిగిలినవాళ్లూ పోయారు. సాయంత్రానికి మైదానం చుట్టూ మట్టి కట్టలే మిగిలాయి. కంప పెట్టినవాళ్లు కంపను కూడా తెచ్చుకున్నారు. నేను గడ్డపార పట్టుకుని పోతే సెక్రటరీ ఆపాడు. మెట్ల బండలు ఊరివాళ్లు ఇచ్చినవి, తీసుకుపోవచ్చు. వేదిక సర్కారు డబ్బుతో కట్టింది, మెట్టు వేదికలో భాగం, సిమెంటు చేసి ఉంది, కాబట్టి అది సర్కారు ఆస్తి. ముట్టుకుంటే కేసు అవుతుందన్నాడు.

నా మొదటి అర్జీ ఆ వారమే ఇచ్చాను. బండ మీదేననడానికి రుజువు ఏమిటని అడిగారు. ఒక అంచున ఏడు ఉలి గుంటలు ఉంటాయని రెండో అర్జీలో రాశాను. ఏడాది తర్వాత ఒక అధికారి జీపులో వచ్చి లెక్కపెట్టాడు. ఆరు ఉన్నాయన్నాడు. ఏడోది సిమెంటు కింద ఉందన్నాను. చూపించమన్నాడు. చూపించాలంటే సిమెంటు పగలగొట్టాలి. పగలగొట్టాలంటే బండ నాదని తేలాలి. ఆయన నా వైపు, బండ వైపు కాసేపు చూసి జీపెక్కాడు. మూడో అర్జీ నుంచి పదో దాకా ఆ ఏడో గుంట గురించే.

ఈ లోపల మా అమ్మ వాగుకు పోవడం మానేసింది. మోకాళ్లు అంత దూరం రానివ్వలేదు. ఒక పొద్దున మూట ఎత్తుకుని మైదానానికి పోయింది. ఆటగాళ్ల కోసం వేసిన నల్లా వేదిక పక్కనే ఉంది. ట్యాంకు దగ్గర కాబట్టి నీళ్లు జోరుగా వచ్చేవి. అమ్మ వేదిక మెట్టు మీద, అంటే తన బండ మీద, బట్టలు ఉతికి, నెట్టు కట్టే రెండు కట్టెల మధ్య దండెం కట్టి ఆరేసింది. వారం తిరిగేసరికి మా వాడ ఆడవాళ్లందరూ అక్కడే. బండలు మళ్లీ ఇంటికి చేరినా, ఇళ్లల్లో నీళ్లు లేవు. వాళ్లు వేదిక గచ్చు మీద ఉతుక్కున్నారు, పిల్లలకు నీళ్లు పోశారు, మిరపకాయలు ఎండబోసుకున్నారు. మెట్టు మీదికి మాత్రం అమ్మ లేచినాకే వచ్చేవాళ్లు. స్టేడియం అంత నిండుగా ఏ టోర్నమెంటుకూ లేదు.

నేను అది చూసి సంతోషపడలేదు. మన బండ మీద మనం సర్కారు దయతో ఉతుక్కోవడం ఏమిటని పదకొండో అర్జీలో గట్టిగా రాశాను.

దానికి జవాబు వచ్చింది. అర్జీదారుడు పదిహేను రోజుల్లోగా సొంత ఖర్చుతో సదరు బండను తీసుకుపోవచ్చును, దాని స్థానంలో వేరే మెట్టు కట్టించి ఇవ్వవలెను. ఆ కాగితం మూడుసార్లు చదివాను. గిర్ని బంద్ పెట్టాను. ఇన్నేళ్ల జీవితంలో పెళ్లికీ చావుకూ తప్ప బంద్ పెట్టింది ఆ రోజే. బండి, గడ్డపారలు, నలుగురు మనుషులను తీసుకుని మైదానానికి పోయాను. అమ్మ మెట్టు మీద గొంగడి పరిచి, దాని మీద మోకాళ్లు ఆనించి రుద్దుతోంది.

"లెవ్వే అమ్మా. ఆర్డరొచ్చింది. బండ ఇంటికి తీస్కపోదాం."

"ఇంట్ల నీళ్లొచ్చినయా?"

"లేదు."

"మరి ఉత్త బండ తీస్కపోయి ఏం జేస్కోవాలె?"

కూలివాళ్లు నలుగురూ వేదిక మీదికెక్కి కూర్చుని బీడీలు ముట్టించారు. పక్కనున్న ఆడవాళ్లు ఉతకడం ఆపారు. నేను కాగితం చూపించాను. ఆమెకు చదువు రాదు.

"అడుగు అని నువ్వే అన్నవ్ గదనే. పదేండ్ల సంది అడుగుతున్న."

"అడుగుమన్న," అంది. "తవ్వుమన్ననా?"

గొంగడిని రెండో వైపుకు తిప్పింది. అందులో నీళ్లు నా చెప్పుల మీదికి వచ్చాయి. ఆడవాళ్లలో ఒకామె నవ్వింది. ఎవరో నాకు తెలుసు.

పదిహేను రోజుల్లో తవ్వకపోతే ఆ ఆర్డర్ రద్దవుతుంది, మళ్లీ ఎప్పటికీ రాదు, ఈ సంగతి ఆ సాయంత్రం ఆమెకు నెమ్మదిగా చెప్పాను. ఆమె విని, పైపు సంగతి ఏమైందని అడిగింది.

పద్నాలుగో రోజు పన్నెండో అర్జీ ఇచ్చాను. బండను ఉన్నచోటనే ఉంచవలెను, మా వాడకు మొదట మంజూరైన పైపు వేయవలెను, పైపు వేసిన మర్నాడు నా వెనకటి పదకొండు అర్జీలను మళ్లీ పరిశీలనకు తీసుకోవలెను. గుమస్తా చదివి, మీకు అసలు బండ కావాలా వద్దా అని అడిగాడు. రెండూ రాశాను, చదువుకోండి అన్నాను. దానికి జవాబు ఇంకా రాలేదు.

ఆ ఏడు పీర్ల పండుగకు భాయ్ ఊరికి వచ్చాడు. స్టేడియం చూస్తానని వచ్చి, దండేల మీద చీరల మధ్య నుంచి వంగి వేదిక దగ్గరికి పోయాడు. అమ్మ అక్కడే ఉంది. ఆయన మెట్టుకు దూరంగా చెప్పులు విడిచి, పెద్దమ్మా బాగున్నవా అన్నాడు. అమ్మ నల్లా విప్పి, కాళ్లు కడుక్కొని కూర్చోమంది. ఆయన మెట్టు ఒక కొసన కూర్చుని, గుంటల అంచు మీద చెయ్యి పెట్టి చూశాడు. నా వైపు తిరిగి పక్కన చోటు చూపించాడు.

"కూసోరాదె అన్నా. మనదే గద."

నేను నిలబడే మాట్లాడి వచ్చేశాను. అమ్మ ఇప్పుడు కూడా పొద్దున్నే అక్కడికే పోతుంది. మూట నేను మోసి దింపి వస్తాను. ఆ బండ మీద మాత్రం ఇప్పటిదాకా కూర్చోలేదు. ప్రారంభోత్సవం రోజు నన్ను అక్కడి నుంచి లేపారు. కూర్చోవచ్చని ఎవరూ రాసివ్వలేదు.